నంబర్ పడ్డ దేవతలు

ముక్కులు ఏడు, చేతులు తొమ్మిది, కిరీటాలు నాలుగు, గద్ద రెక్కలు మూడు, జింక తలలు రెండు, ఈటె మొన ఒకటి. అంకెల కింద పోయినవి మొత్తం ఇరవై ఆరు. పోయిన నెల మంచిర్యాలలో సుగుణ టీచర్ తన పాత బిస్కెట్ల డబ్బా మూత తియ్యమంటే తీశాను. చిలుము పట్టిన కంచు వాసన గుప్పున కొట్టింది, దానితోపాటే ఈ లెక్కా లేచి కూర్చుంది. డబ్బాలో ఉన్నవి ఇరవై నాలుగు నాణేలే. పదో నంబరు నుంచి రెండేసి అంకెలు పడ్డాయి కాబట్టి కొందరు దేవతలకు రెండు దెబ్బలు తగిలాయి. ఇన్నేళ్లయినా ఈ లెక్క తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుడు మేం గోదావరిఖనిలో గని క్వార్టర్లలో ఉండేవాళ్లం, నేను ఎనిమిదో తరగతి. ఎండాకాలం అమ్మ మంచం మీద పాత చీర పరిచి పెట్టిన వడియాలు సాయంత్రానికి బొగ్గుపొడి పడి నల్లనువ్వులు చల్లినట్టు అయ్యేవి, వాటిని దులిపి దులిపి అమ్మ గనినీ గాలినీ కలిపి తిట్టేది. మేం పిల్లలం జొన్న అంబలి తాగి, ఉల్లిగడ్డ కొరుక్కుని, మొదటి షిఫ్టు విడిచే సైరన్ మోగేదాకా గోడ నీడలో తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్లం. ఎవరు ఎన్ని గెలిచారో గోడ మీద బొగ్గుతో రాసేది నేనే. లెక్కలు నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కనిపించినదల్లా ఎంచుతూ పోయానంతే.

ఆ ఎంచే అలవాటు చూసే సుగుణ టీచర్ నన్ను పిలిచింది. ఆమె మా చర్చిలో పిల్లలకు ఆదివారపు బడి చెప్పే రిటైరైన టీచరు. ఎప్పుడో మిషన్ దవాఖానలో పనిచేసిన ఒక విదేశీ నర్సమ్మ వెళ్లిపోతూ ఆ డబ్బా ఆమెకు ఇచ్చి పోయిందట. పూర్వం రోము ఏలుబడి కింద ఉన్న గ్రీకు ఊళ్ళు తమ చిల్లర తామే కొట్టుకునేవి, ఒకవైపు చక్రవర్తి తల, రెండోవైపు ఆ ఊరి దేవత. ఎఫెసు, కొరింథు, తార్సు, అంతియొకయ. మేం ప్రసంగాల్లో విన్న ఊళ్ళన్నీ ఆ డబ్బాలో బిళ్ళలై ఉన్నాయి. టీచరుకు చూపు పోతోంది, ఆపలేమని దవాఖానలో చెప్పేశారు. పూర్తిగా పోయేలోపు ఏ నాణెం ఏదో బొటనవేలితో గుర్తుపట్టడం నేర్చుకోవాలని ఆమె పంతం.

ప్రతి ఆదివారం, కొబ్బరి వేసిన తియ్యటి రొట్టె ముక్క చేతిలో పెట్టి కూర్చోబెట్టేది. నేను బొమ్మ చూసి చెప్పేదాన్ని, ఆమె కళ్ళు మూసుకుని తడిమేది. రెండు పక్కలా జింకలుంటే ఎఫెసు అర్తెమి. రెక్కల గుర్రమైతే కొరింథు. కాళ్ళకింద ఈత కొట్టే మనిషి తగిలితే అంతియొకయ అదృష్టదేవత. వేసవి సెలవులకల్లా పదిహేను ఆమె వేలికి వచ్చేశాయి. మిగిలిన తొమ్మిదింటి తూకం, కొలత పట్టిక రాసి తెమ్మని డబ్బా నాతో ఇంటికి పంపింది.

మూడోరోజు ఎంచితే ఇరవై మూడే ఉన్నాయి. ఇల్లంతా వెతికి వెతికి ఏడ్చాను. చివరికి ఒకటి బియ్యం బస్తా కింద దొరికింది. కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ మా నాయిన లాంపు రూములో పనిచేసేవాడు. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ అక్కడ ఇచ్చి దీపం తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక కొక్కేనికి బిళ్ళ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా పైకి రాలేదని. ఒకసారి అట్లా ఒక బిళ్ళ రెండు రోజులు మిగిలింది, ఆ రెండు రోజులూ నాయిన అన్నం ముట్టలేదు. అలాంటి మనిషికి నా ఏడుపు వినిపించింది.

నేను బెల్లంపల్లిలో అవ్వ దగ్గరికి పోయి వచ్చేసరికి పని అయిపోయింది. నాయిన, బిళ్ళలకు నంబర్లు కొట్టే ఉక్కు అచ్చులూ సుత్తీ తెచ్చి, ఇరవై నాలుగింటికీ ఒకటి నుంచి వరుసగా అంకెలు కొట్టాడు. కొలబద్ద పెట్టి మరీ, నట్టనడుమ.

"నాయినా! గిట్లెవలన్న కొడ్తరా? ముక్కు పాయె, చెయ్యి పాయె!"

"రాజు బొమ్మ దిక్కు కొట్టలేదు గద బిడ్డా. నంబర్ లేని బిళ్ళ పోతె ఎట్ల దొర్కుతది? గిప్పుడు ఒక్కటి గూడ ఎటు పోదు."

ఆయన మొహం నిండా తృప్తి. డబ్బా మోసుకుని ఇద్దరం టీచర్ దగ్గరికి పోయాం. ఆమె ఒకటి తీసింది, వేలు నడుమకు పోగానే ఆగింది.

"ఏందయ్యా ప్రకాశం, వీళ్లకు ఏ షిఫ్టు పడ్డది?"

"మొదటి షిఫ్టే టీచర్," అన్నాడు నాయిన, నవ్వకుండా.

ఆమె నవ్వింది. తర్వాత ఆ నాణేన్నే అటూ ఇటూ తిప్పి తిప్పి తడిమింది.

"జింకలు ఏవే?" అని నన్నడిగింది.

నాణెం చిన్నది, అచ్చు పెద్దది; నడుమ కొట్టిన ఏడో నంబరు రెండు జింకల తలల దాకా పరుచుకుంది.

ఆ ఏడాది దాటకముందే ఆమె చూపు పూర్తిగా పోయింది. కానీ అంకెలు లోతుగా దిగాయి కదా, అవి వేలికి ఇట్టే అందేవి. ఏడంటే ఎఫెసు, పదిహేడంటే పెర్గము అని వరుసగా కంఠతా పట్టేసింది. "సూసినవా, పనికొచ్చింది!" అని నాయిన కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. నాకు ఏడుపొకటే తక్కువ.

తెలంగాణ వచ్చిన ఏడాది, నా జీతంలో మిగిల్చి, ఎఫెసు నాణెం ఒకటి కొని, నాయినను వెంటబెట్టుకుని పట్టుకుపోయాను. "అర్తెమి, టీచర్. జింకలు రెండూ ఉన్నయి, తడిమి చూడుండ్రి." అప్పటికే షుగరుతో ఆమె వేళ్ళు మొద్దుబారాయి. చాలాసేపు రుద్దింది.

"సాఫ్‌గ తగుల్తున్నది. నంబర్ ఏదే?"

"లేదు టీచర్."

"నంబర్ లేకుంట నేనెట్ల గుర్తువడ్త? నువ్వే ఉంచుకో బిడ్డా."

"ఇటు తే, ఒక్క నిమిషంల కొట్టిస్త," అన్నాడు పక్కనున్న నాయిన. నేను పిడికిలి బిగించాను.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, వాటి కింది నేలను కూడా బొగ్గు కోసం తవ్వేశారు. ఇత్తడి బిళ్ళలు లేవు, అచ్చులు కొట్టే నాయిన చేతులు లేవు. టీచర్ మంచిర్యాలలో కూతురి దగ్గర ఉంటోంది. ఏడాదికొకటి రెండు చొప్పున నేను కొంటూనే ఉన్నాను, ఊరికి ఊరు, దేవతకు దేవత. పోయిన నెల తీసుకుపోయినది పద్నాలుగోది. దాన్నీ తడిమి, నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, "నంబర్ లేదు గద బిడ్డా" అంది. నేను కొన్నవి పద్నాలుగు. ఆమె పుచ్చుకున్నవి సున్నా. ఇంకా ఇవ్వాల్సినవి ఇరవై నాలుగు.