చెరిపేసిన చుక్కలు

వీధిలో అందరికీ ఆవిడ సూదుల వదిన. నాకు మాత్రం నిజంగానే వదిన, మా అన్న భార్య. ఇరవై ఎనిమిదేళ్లు పచ్చబొట్లు పొడిచింది. దుకాణం అంటే ఒకటే గది: వెనక్కి వాలే కుర్చీ, మెడ వంచితే కిర్రుమనే దీపం, గాజు తలుపుల బీరువాలో సిరా సీసాలు. అన్న పోయాక దాని పైన మేడ మీద ఒక్కతే ఉండేది. నేను కింద పక్క వాటాలో.

ఆవిడకో నియమం. కొత్త సిరా ఏది వచ్చినా మొదటి చుక్క తన ఎడమచేతి లోపలి వైపు పొడుచుకునేది. పది రోజులు చూసేది. వాపు, దురద లేకపోతేనే ఆ సీసాకి బీరువాలో చోటు.

"నా ఒంటికి పడనిది ఊరి ఒంటికి ఎలా పడుతుంది మరిదీ?"

మోచేతి నుంచి చంక దాకా నలుపు, నీలం, ఎరుపు చుక్కలు. "వదినా, నీ చేతి మీద చీమలు ఎక్కడికో బయల్దేరినట్టున్నాయి" అంటే, "మీ ఇంట్లో పంచదార డబ్బాకే" అనేది.

పదకొండేళ్ల కిందట పచ్చబొట్లు చెరిపే లేజర్ మిషన్ కొంది. దానికీ అదే నియమం. ఏడాది పాటు విడతలు విడతలుగా తన చుక్కలన్నీ తానే చెరిపేసుకుంది. చేయి నున్నగా తేలింది. ఆ తర్వాత అప్పటికే పరీక్షించిన రకం సిరాలే తెప్పించుకునేది, చేతి మీద కొత్త చుక్క పడలేదు. అలా చుక్కల సంగతి మేమిద్దరం మరిచిపోయాం.

కిందటేడు ఆవిడ వీపు మీద, ఎడమ రెక్క దగ్గర, ఒక పుట్టుమచ్చ ముదురుగా మారింది. కోసి పరీక్షకి పంపారు. మెలనోమా అన్నారు. చర్మానికి వచ్చే క్యాన్సర్లలో చెడ్డదట. "తొందరగానే పట్టుకున్నాం" అన్నాడు సర్జన్. కాగితం నింపుతూ అడిగాడు: "ఒంటి మీద పచ్చబొట్లేమైనా ఉన్నాయా?"

"లేవండీ" అంది వదిన. పక్కనే ఉన్నాను. నాకూ అది అబద్ధమనిపించలేదు.

నాలుగు నెలలకి ఎడమ చంకలో బిళ్ల కట్టింది. చిక్కుడు గింజంత. గట్టిగా ఉంది, నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే భయపెట్టింది. ఆపరేషన్ చేసి తీశారు. సర్జన్ బయటికొచ్చి నా ముఖం చూడకుండా చెప్పాడు.

"బొగ్గులా నల్లగా ఉంది. ఆ జబ్బే పాకిందని అనుమానం. ల్యాబ్ రిపోర్టుకి పది రోజులు పడుతుంది."

ఆ రోజుల్లో నేను పుస్తకం తెరిస్తే చదివిన వాక్యమే మళ్లీ చదివేవాణ్ణి. పైన వదిన అడుగుల చప్పుడు ఆగితే నా ఊపిరీ ఆగేది. ఆవిడ పొద్దస్తమానం మెడ తడుముకునేది.

"మరిదీ, ఇక్కడ చూడు. గట్టిగా లేదూ?"

"అది ఎముక వదినా."

"ఎముకలకి కూడా పాకుతుందంటగా."



ఆరో రోజు దుకాణానికి ఒకమ్మాయి వచ్చింది. మణికట్టు మీద పేరు చెరిపించుకోవాలట. "పూర్తిగా పోతుందా ఆంటీ?"

"పోతుంది. నా చెయ్యే సాక్ష్యం. నా ఆపరేషన్ కుట్లు విప్పాక రా, చేస్తాను" అని వదిన నున్నటి చేయి చూపించింది.

అమ్మాయి వెళ్లాక ఊరికే అన్నాను: "పోయి ఎక్కడికి పోతుంది వదినా?"

"ఎక్కడికేంటి, ఒంట్లోకే" అంటూ కుర్చీ తుడుస్తున్న ఆవిడ చేయి ఆగిపోయింది. నెమ్మదిగా తన ఎడమ చంక వైపు చూసుకుంది. అప్పటికప్పుడు ఆసుపత్రికి బయల్దేరాం. నాలో ఉన్నది ఆశో భయమో తెలియలేదు.

ల్యాబు ఆసుపత్రి కింది అంతస్తులో ఉంది. డాక్టరమ్మ మా మాట పూర్తిగా వినకుండానే లేచింది.

"రెండు రోజులుగా మీ స్లైడు దగ్గరే ఆగిపోయాను. నలుపు మధ్యలో నీలం, ఎరుపు రేణువులు! మెలనోమా రంగు అలా ఉండదు. మరి పచ్చబొట్లు లేవని రాశారేంటమ్మా?"

"లేవు కదండీ. చెరిపేసుకున్నాను."

డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది. "మాక్రోఫేజ్ అని మన ఒంట్లో కాపలా కణాలుంటాయి. లోపలికొచ్చిన సూక్ష్మజీవిని మింగి అరిగించుకుంటాయి. సిరా మాత్రం అరగదు. మింగి అలాగే కూర్చుంటాయి. ఒకటి చస్తే అది వదిలిన సిరాని ఇంకోటి మింగుతుంది. పచ్చబొట్టు అన్నేళ్లు నిలిచేది అందుకే. లేజర్ దాన్ని పిండి చేస్తుంది, అంతే. అందులో కొంత కొట్టుకొచ్చి చంకలో అందరికీ ఉండే లింఫు బిళ్లల్లో చేరుతుంది. అక్కడా మింగేది ఆ జాతి కణాలే."

"అయితే జబ్బు కాదా?"

"అప్పుడే అనను. ఆ నలుపు చాటున క్యాన్సర్ కణం దాక్కుని ఉండొచ్చు. ఇంకో పరీక్ష చెయ్యాలి. నాలుగు రోజులాగండి."

"ఇన్ని కాపలా కణాలున్నాయిగా, జబ్బునీ మింగెయ్యవా?" వదిన గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

"కొన్ని మింగుతాయి. కొన్ని క్యాన్సర్ గడ్డ పక్షం చేరి దానికే ఊడిగం చేస్తాయి. అందుకే వాటిని నమ్మి ఊరుకోలేం."

మెట్లెక్కుతూ వదిన అంది: "కంచే చేను మేస్తుందన్నమాట, మరిదీ."

ఆ నాలుగు రోజులు ముందు ఆరింటికన్నా భారంగా గడిచాయి. అంతకుముందు భయమొక్కటే. ఇప్పుడు ఆశ కూడా తోడై నిద్ర లేకుండా చేసింది.

ఫోను వచ్చింది. బిళ్లలో ఉన్నది సిరా మాత్రమే. జబ్బు కణం ఒక్కటీ లేదు. వదిన మెట్ల మీద కూర్చుని, "ఆకలేస్తోంది" అంది.

సర్జన్ మాత్రం వేలు చూపించి చెప్పాడు: "మూడు నెలలకోసారి రావాలి. ఇక మీ ఒంటి మీద సూది పెట్టొద్దు. ఈసారి బిళ్ల కడితే ఏది సిరానో ఏది జబ్బో పోల్చుకోవడం ఇంకా కష్టమవుతుంది."

తర్వాత, పాత రకం దొరక్క తెప్పించిన కొత్త సిరా సీసా మూడు రోజులు బల్ల మీదే ఉంది. వదిన జాకెట్టు చెయ్యి పైకి మడిచేది, దించేది.

"పోనీ నా చేతికి వెయ్యి" అన్నాను.

"నీ చంక కూడా నల్లబడాలా? పో." సీసా తిప్పి పంపేసింది. అంతకుముందు పరీక్షించినవి అయిపోయేదాకా పనిచేసి, దుకాణం మూసేసింది.

ఇప్పటికీ మూడు నెలలకోసారి వెళతాం. కొత్త నర్సు ఎవరైనా కాగితం నింపుతూ పచ్చబొట్లున్నాయా అని అడుగుతుంది.

"ఉన్నాయి. పైకి కనపడవు" అంటుంది వదిన.

తర్వాత సర్జన్ వేళ్లు చంకలో వెతుకుతాయి. తెర ఇవతల కూర్చుని నేను అంకెలు లెక్కపెడుతుంటాను. ఇరవై దాటేలోపు ఆయన "సరే" అనాలి. పోయినసారి ముప్ఫై ఒకటి దాకా అనలేదు.