దొరగారి తాత ముఖం

ఎల్లారెడ్డిలో పుస్తకాలకు జిల్దులు కుట్టి అట్టలు వేసే ఘనీకి ఒక చెడ్డ అలవాటుండేది. మంచి కాయితం కనబడితే పాడుచేసేవాడు. గుప్పిట్లో నలిపి, చాయ్ నీళ్లలో ముంచి, ఎండబెట్టి, ఇటుక ముక్కతో గీకి, ఆ ముడతల మీద బొగ్గుతో ముఖాలు గీసేవాడు. నున్నటి కాయితం మీద మనిషి బాధ నిలవదనేవాడు. యుద్ధం వచ్చి కాయితానికి కరువైన ఆ రోజుల్లో ఇది పిచ్చేనని ఊరంతా ఒప్పుకుంది. భార్య సాబేరా ఊరికంటే ముందే ఒప్పుకుంది.

తాడ్వాయి దిక్కు ఒక దొరకు మాత్రం ఆ పిచ్చిలో పనికొచ్చేదేదో కనబడింది. ఆయన కొత్తగా కట్టించిన గడిలో అన్నీ ఉన్నాయి, పూర్వీకులే లేరు. కామారెడ్డి నుంచి పెద్ద అధికారి భోజనానికి వస్తున్నాడు. ఆలోగా గోడమీదికి కత్తి పట్టిన తాత ఒకడు కావాలి, బొమ్మ నూరేండ్ల నాటిదిలా ఉండాలి. తాతగారు ఎట్లుండేవారని ఘనీ అడిగితే, చూసినవాళ్లెవరూ లేరని, గంభీరంగా ఉంటే చాలని సెలవిచ్చాడు.

గంభీరమైన ముఖం కోసం ఘనీ రెండు రోజులు దొరనే చూశాడు. దొరకలేదు. వాకిట్లో వెట్టికి నీళ్లు మోస్తున్న గంగారాం దగ్గర దొరికింది. ఆ ముఖమే గీసి, తలపాగా చుట్టి, చేతికి కత్తి ఇచ్చాడు.

భోజనానికొచ్చి బొమ్మ చూసి, ఖాందాన్ అంటే ఇదీ అన్నాడు అధికారి. తన ముక్కు తాతదేనన్నాడు దొర. మరునాటి నుంచి బొమ్మకు రోజూ పూలదండ. ఆ పూలు తెచ్చే పని కూడా గంగారాందే. గడి పనివాళ్లందరికీ సంగతి తెలుసు. దొరకు చెప్పేంత ధైర్యవంతుడే లేడు.

వారం తర్వాత గంగారాం ఎల్లారెడ్డికి నడిచి వచ్చాడు. దొరే పంపాడేమోనని ఘనీ ఆయన వెనక ఇంకెవరైనా ఉన్నారేమో చూశాడు.

“అండ్ల ఉన్నది నేనే గద, సాబ్?” అన్నాడు గంగారాం.

ఘనీ ఔనని, మాఫ్ చెయ్యమన్నాడు.

“కత్తి లేకుంట ఇంకొకటి గియ్యుండ్రి. మా ఇంటిది చూస్తది.”

ముడతలు రెండోసారి అదే తీరుగా పడవని ఘనీ చెప్పాడు. కాయితం ఆయన చేతికే ఇచ్చి నలపమన్నాడు. రాళ్లు పగలగొట్టిన ఆ చేతులు తెల్లకాయితం నలపడానికి చాలాసేపు జంకి, ఆఖరికి నలిపాయి.

గంగారాం భార్య హన్మవ్వ ఆ బొమ్మను గుడిసె ముందు ఎండలో పట్టుకొని చూసింది.

“గింత ముసలోడివి ఎప్పుడైనవయ్యా?”

చూసుకునే తీరిక ఏడుందని ఆయనన్నాడు. ఆమె బొమ్మను చుట్టి జొన్నల కుండలో దాచి, ఆయనకు జొన్న గట్క వండి పెట్టింది. తెల్లారి గడికి నీళ్లు మొయ్యడానికి తానూ వెంట పోయింది.