మసీదు బయట విహుయేలా

మా రూమ్‌లో ఉండే కడప భాయ్ స్పెయిన్ మేడమ్ దగ్గర డ్రైవరు. ఆమె వాయించే విహుయేలా, గిటారుకు పాతకాలపు చుట్టం, పెట్టెలో వెనక సీట్లో ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా చెయ్యి వెనక్కి చాచి పెట్టెను పట్టుకునేవాడు.

ఒక శుక్రవారం మేడమ్ లేకుండా, ఆ పెట్టెతో పాటు నేనూ కార్లో ఉండగా అల్ మవాలే పేటలో ఏసీ ఆగిపోయింది. నమాజు వేళయింది. కార్లో వదిలేస్తే ఎండకు విహుయేలా చెక్కల జిగురు ఊడుతుంది. వాద్యాన్ని మసీదులోకి తీసుకెళ్ళడానికి అతనికి మనసొప్పలేదు. చివరికి నా చేతికిచ్చాడు.

"నీడలోనే నిలబడప్పా. పగిలిందంటే నా పని పోతాది."

నీడ జరిగినకొద్దీ నేనూ జరిగాను. నమాజు కాగానే చెప్పులైనా వేసుకోకుండా వచ్చి, జ్వరమొచ్చిన పిల్ల నొసలు చూసినట్టు పెట్టె మీద చెయ్యేశాడు.

"లోపల అల్లాను ఏమడిగినవ్ భాయ్?"

"ఇది పగలకుండా చూడమని" అన్నాడు, నా మొహం చూడకుండా.