కల్నల్ గారి బండి చాలు చేసినోడు

అశోక్ నగర్‌లో కల్నల్ గారి ఇంటి దగ్గర రిపోర్ట్ చేసింది జనవరిలో, పగలు పదకొండు గంటలకు. ఒంటి మీద ఇంకా మంచు ప్రాంతపు ఉన్ని బనియన్ ఉంది. ఆటో దిగేసరికి వీపు తడిసింది. ఉత్తరాన మా పోస్టులో ఆ వేళకు నీళ్ళ డబ్బా ఇంకా గడ్డకట్టే ఉంటుంది. ఇక్కడ కోచింగ్ సెంటర్ల ముందు కుర్రాళ్ళు చొక్కా చేతులు మడిచి చాయ్ తాగుతున్నారు.

యుద్ధం చూశారా అని మా చర్చి సంఘంలో యువకులు అడుగుతుంటారు. చూశాను. కానీ ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే అడ్డొచ్చేది యుద్ధం కాదు. ఈ డ్యూటీ.

ఆర్డరు చిన్నది. యూనిట్ జూబిలీకి మా మొదటి కమాండర్ తన సొంత కారులో వస్తారు. కారు స్టార్ట్ కావడం లేదు. ఎలక్ట్రీషియన్ వెళ్ళి బాగు చేయాలి. ఎలక్ట్రీషియన్ని నేను. ఆ కల్నల్ గారి ఫోటో మా ప్రతి మెస్సులోనూ ఉండేది. ఏళ్ళ తరబడి దాని కిందే భోంచేశాను. మనిషిని చూడటం అదే మొదలు.

నా సామాను ఒక కాన్వాస్ సంచి. టెస్ట్ ల్యాంపు, వోల్ట్ మీటరు, స్పానర్లు, ఆకురాయి, గరుకు కాగితం. జేబులో చిన్న బైబిలు.

యూనిట్ జీపుతో పంపిన డ్రైవర్ నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. చిక్కడపల్లి వాడు. వాళ్ళమ్మ ఇల్లు రెండు గల్లీల అవతలే. నేను గుంటూరు వాణ్ణి. నేను సెల్యూట్ చేసి నిలబడ్డాను. కల్నల్ గారు తలూపి వాడి వైపు తిరిగారు.

"ఏంరా, నువ్వు చెప్పిన పాస్టర్ ఈయననేనా?"

"ఈయననే సార్. ఇగ బండికి బాప్తిస్మం ఇస్తడు."

ఇద్దరూ నవ్వారు. నేను ప్రార్థనలో మోకాళ్ళూని అడిగిన దాన్ని వాడు అడక్కుండానే చేత పట్టుకుని నిలబడ్డాడు. ఆ పెద్దాయన నవ్వు.

కారు షెడ్డులో ఉంది. నల్లది. యాభైల నాటి విలాయతీ బండి. కల్నల్ గారు బానెట్ మీద అరచేయి పెట్టారు.

"బ్యాటరీ కొత్తదే. నేనే పెట్టిన. ఒక్కన్ని ముట్టనియ్యలె."

ఆయన భార్య, అమ్మగారు, వంటింటి గడపలోంచి అన్నారు. "ఈసారి చాలు కాకపోతే అమ్ముడే. హైదర్‌గూడ సేటు అడుగుతనే ఉన్నడు. పొద్దుగాల తిన్నది పొద్దుమీకి యాదికుండదు ఈయనకు. బండి ఎందుకు?"

"బండి యాదున్నది గదనే," అన్నారాయన. తర్వాత మా ఇద్దర్నీ చూశారు. "ఇనుండ్రి. బండి చాలు చేసినోడే స్టీరింగ్ పట్టాలె. నా పక్కన. రెండోవాడు ఎనక జీపుల వస్తడు."

నాకూ డ్రైవింగ్ లైసెన్సు ఉంది. ఆ సీటు నాకు కావాలి. ఇంతకుముందు ఏ సీటూ, ఏ పతకమూ నేను అంతగా కోరుకోలేదు.

పని మొదలుపెట్టాను. స్టార్టర్ నొక్కితే మోటారు తిరుగుతోంది. ఇంజన్ అందుకోవడం లేదు. అంటే కరెంటు వస్తోంది, కానీ నిప్పురవ్వ బలంగా లేదు. ప్లగ్గు ఊడదీసి బాడీకి ఆనించి చూశాను. రవ్వ నీరసంగా, పసుపు రంగులో ఉంది. నీలంగా ఉండాలి. రవ్వను పుట్టించే పాయింట్లు గీకాను. కండెన్సర్ మార్చాను. తీగలన్నీ కొలిచాను. తేడా లేదు.

డ్రైవర్ గోడకానుకుని చూస్తున్నాడు. "పాస్టరన్నా, ఆపరేషన్ అయిందా? పేషెంట్ ఉన్నడా, పోయిండా?"

సాయంత్రం వాడు కారును గల్లీ వాలులోకి తోయించాడు. క్లచ్ వదిలాడు. ఇంజన్ దగ్గి, అందుకుంది. కల్నల్ గారు పిల్లాడిలా చప్పట్లు కొట్టి ఎక్కి కూర్చున్నారు. నేను వెనక సీట్లో.

నారాయణగూడ చౌరస్తాలో ఆగిపోయింది. ఇంజన్ వేడి మీదుంది. ఎంత నొక్కినా లేవలేదు. వెనక హారన్లు. ట్రాఫిక్ పోలీసు ఈల. కోచింగ్ కుర్రాళ్ళు నలుగురు తోశారు.

"తాతా, బండికి గూడ కోచింగ్ ఇప్పియ్యరాదు! మా హాస్టల్‌ల సీటున్నది."

కల్నల్ గారు ముందుకే చూస్తూ కూర్చున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. డ్రైవర్ ఆయన వైపు వంగి ఏదో అన్నాడు. ఆ పరిస్థితిలోనూ ఆయన నవ్వారు. నేను వెనక నుంచి ఆ రెండు తలలనూ చూశాను. కారు ఆగినందుకు బాధపడ్డానా? లేదు. తృప్తిపడ్డాను.

ఆదివారం నారాయణగూడలో ఆరాధనకు వెళ్ళాను. ప్రార్థన విన్నపాల సమయంలో లేచి కారు గురించి చెప్పాను. సంఘమంతా ఆ కారు కోసం ప్రార్థించింది. సంఘ కాపరి గారు బ్యాటరీని సైతం పేరు పెట్టి ప్రభువు సన్నిధిలో ఉంచారు. డ్రైవర్ గేటు బయట నా కోసం ఆగి, శనక్కాయలు తింటూ అదంతా విన్నాడు.

సోమవారం మధ్యాహ్నం. మర్నాడే జూబిలీ. కల్నల్ గారు నిద్రలో ఉన్నారు. డ్రైవర్ వాళ్ళమ్మ దగ్గర భోజనానికి వెళ్ళాడు. నేను షెడ్డు చీకట్లో హెడ్‌లైట్లు వేశాను, కేవలం ఎదుటి గోడ మీద పడే వెలుతురులో తీగలు కనబడటానికి. డాష్‌బోర్డులో అమ్మీటరు సూది కదిలింది. కుడికి.

ఇంజన్ ఆగి ఉంది. లైట్లు బ్యాటరీని తింటున్నాయి. సూది ఎడమకు పోవాలి. కుడికి పోతే ఛార్జింగ్ అవుతున్నట్టు. ఆపాను. మళ్ళీ వేశాను. మళ్ళీ కుడికే.

మా జీపుల్లో బ్యాటరీ మైనస్ తీగను బాడీకి కలుపుతాం. ఆ కాలపు విలాయతీ బండ్లలో బాడీకి కలిపేది ప్లస్. జీపు అలవాటుతో ఈ బ్యాటరీ తీగలను తారుమారుగా కలిపారు. మోటారు ఎటు కలిపినా తిరుగుతుంది. రవ్వ మాత్రం నీరసపడుతుంది, వేడెక్కితే మరీ.

బ్యాటరీ మూత తీశాను. తీగలు బిగించే రెండు టెర్మినళ్ళూ ఒక సైజువి కావు. చిన్న క్లాంపును స్క్రూడ్రైవర్‌తో వెడల్పు చేసి ఉన్నారు. పెద్దది వదులు కాకుండా రేకు ముక్క చుట్టారు. చాయపత్తి డబ్బా రేకు. శ్రద్ధగా, అంచులు మడిచి.

వెనక గాజుల చప్పుడు. అమ్మగారు మజ్జిగ గ్లాసుతో నిలబడి నా చేతిలోని రేకును చూస్తున్నారు.

"నా డబ్బా. ఆయన కోసిండు." గ్లాసు నా చేతికిచ్చారు. "ఆయన పెట్టిందే తప్పా, నాయనా?"

"అవునమ్మా."

"చెప్పకు. ఎవ్వరికీ. తెలిస్తే తానే సేటుకు తాళం ఇచ్చేస్తడు. ఇయ్యాల బండి, రేపు ఇంకోటి. ఒక్కొక్కటి చేతులకెల్లి పోతుంటే మనిషి ఏమైతడు?"

అమ్మేద్దామన్నది ఆవిడే. మజ్జిగ తాగాను. బ్యాటరీ తిప్పి కలిపాను. డైనమో నుంచి బ్యాటరీకి కరెంటు వదిలే కటౌట్‌లో నల్లబడిన పాయింట్లు గీకాను. డైనమోకు సరైన దిక్కు పట్టించడానికి తీగను ఒక్క క్షణం తాకించాను. చిటుక్కుమని రవ్వ. నీలంగా. బ్యాటరీని ఛార్జరుకు పెట్టి, రేకును జేబులో వేసుకున్నాను.

ఇప్పుడు నేను స్టార్ట్ చేసి చూపిస్తే, ఏం చేశావని కల్నల్ గారు అడుగుతారు. ఆయన అడిగితే నేను అబద్ధం చెప్పలేను. కాబట్టి తాళం ముట్టకూడదు.

మర్నాడు ఉదయం ఏడున్నర. యూనిఫాం, బూట్లు, పతకాలు. కల్నల్ గారు తాళం పట్టుకుని నా వైపు చూశారు.

"చూస్తవా?"

"డ్రైవర్ చూస్తాడు సార్."

డ్రైవర్ నన్నోసారి వింతగా చూసి కూర్చున్నాడు. నొక్కాడు. ఒక్క తాకుకే ఇంజన్ అందుకుంది. గుమ్మంలో అమ్మగారు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నీ చెయ్యిల ఏమున్నదిరా!" అన్నారు కల్నల్ గారు.

"నా చెయ్యి కాదు సార్. మొన్న చర్చిల అందరు కలిసి ప్రార్థన జేసిండ్రు. నా చెవులార ఇన్న. దేవుడే చాలు జేసిండు."

ఎగతాళి కాదు. మొదటిసారి వాడు మనస్ఫూర్తిగా అన్నాడు. మహిమ ప్రభువుకే చెందాలని చిన్నప్పటి నుంచి చదివినవాణ్ణి నేను. ఆ క్షణంలో అది ఆయనకు చెందుతుంటే తట్టుకోలేకపోయాను. అప్పటిదాకా డ్రైవర్ మీదున్న అసూయ పైకి ఎగబాకింది. ఎంత పైకో చెప్పడానికి ఇప్పటికీ నాకు భయమే.

జీపులో నేను, రేడియో సెట్టు. ముందు నల్ల కారు. జోడీ సెట్టు అందులో డ్రైవర్ దగ్గర. నారాయణగూడ చౌరస్తాలో ఎర్ర లైటు. కారు ఆగింది. పొగ గొట్టం నుంచి పొగ కూడా ఆగింది. వాడు కావాలనే ఇంజన్ ఆపేశాడు. ఫుట్‌పాత్ మీద కోచింగ్ కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. ఇంజన్ వేడి మీదుంది.

పచ్చ లైటు. ఒక్క తాకు. పొగ వచ్చింది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. "తాతా, ఫస్ట్ ర్యాంక్!"

సెట్టు గరగరలాడింది. "జీప్, జీప్, కార్ మాట్లాడుతున్న. పాస్టరన్నా, ఇన్నవా? దేవుడు ఉన్నడే! ఓవర్."

బటన్ నొక్కాను. జేబులో రేకు అంచు గుచ్చుకుంటోంది. "విన్నాను. ఓవర్."

ఆ వారంలోనే రైలెక్కి ఉత్తరాదికి తిరిగి వెళ్ళాను. పోస్టులో జనరేటరు నా కోసం ఎదురుచూస్తోంది. రేకును దారిలో ఒక వంతెన మీద నుంచి నదిలోకి విసిరేశాను.

ఇంకోటి విసిరేయలేకపోయాను. జీపు ముందద్దంలోంచి కనిపించిన ఆ కారు వెనక కిటికీ. అందులో రెండు తలలు. హైదర్‌గూడ వైపు మలుపు తిరుగుతుండగా ముసలాయన చేయి నెమ్మదిగా లేచి డ్రైవర్ భుజం మీద వాలింది. మలుపు పూర్తయ్యాక కూడా అక్కడే ఉంది.