బాలస్వామి ఒప్పుకోని జీడిపండు

పటం చట్రానికి టేకు కమ్మీ మూల కోస్తుంటే బాలస్వామి చేతులు పక్కకు పోవు. ఆ రెండు చేతులూ ఆగేది ఒక్క అనుమానానికే. బొమ్మలో ఉన్నది నిజమని తేలేదాకా ఆయన పటం కట్టడు.

నంద్యాల్లో పెండ్లిఫోటో ఇచ్చినవాళ్లు జంటను కూడా అంగడికి పట్టుకొచ్చేవాళ్లు, ఎట్లాగూ పిలిపిస్తాడని. ప్యాపిలి రంగయ్య తన తాత ఫోటో తెస్తే, మీసం నిజంగా అంత పొడవుండేదా అని నలుగురు ముసలోళ్లను విచారించినాడు. వాళ్లు టీ తాగి, ఇంకో రెండంగుళాలు పెంచి పోయినారు. మరి దేవుళ్ల పటాలెట్లా కడతావని అడిగితే, వాళ్లను పిలిపించేంత పలుకుబడి తనకు లేదనేవాడు.

డెబ్బై తొమ్మిదిలో, ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక సోమవారం, ఆళ్లగడ్డ ఆడపిల్లల బడి సైన్సు టీచరు ఉమామహేశ్వరమ్మ ఆ అంగడి మెట్లెక్కింది. ఆమె తెచ్చింది జీడిమామిడి కొమ్మ బొమ్మ. రాగిరేకు మీద చెక్కి అచ్చేసి, పైన చేత్తో రంగులద్దిన వందేండ్లనాటి కాగితం. మద్రాసు పాతపుస్తకాల అంగట్లో దొరికింది.

బాలస్వామి భూతద్దం పెట్టి ఆకు ఈనెలన్నీ చూసినాడు. గీసినోని చెయ్యి వణకలేదనీ, రంగేసినోడు మాత్రం ఒకచోట గీత దాటినాడనీ తీర్పు చెప్పినాడు. ఆపైన బొమ్మను తలకిందులుగా తిప్పినాడు.

"గింజ పండు బయట వేలాడతాంది. యాడన్నా ఉంటాదా టీచరమ్మా?"

"జీడిపప్పు అట్లే కాస్తుందన్నా."

"నువ్వు చూసినావా?"

చూడలేదు, చదివింది. ఆమె కష్టమే అది. క్లాసులో పిల్లలూ ఇదే అడిగి విరగబడి నవ్వినారు. ఆ రోజు నుంచి ఆమె ఏ పాఠం చెప్పినా, నువ్వు చూసినావా టీచర్ అంటున్నారు. శుక్రవారం మళ్లీ అదే క్లాసు. అద్దం వేసి పటం కడితే ఆ గౌరవానికైనా నమ్ముతారని ఆమె ఆశ. అదంతా ఆయనకు చెప్పుకుంది.

రుజువు లేనిదే కట్టేది లేదన్నాడు బాలస్వామి, బొమ్మను మాత్రం తన దగ్గరే పెట్టుకుని.

బుధవారం వచ్చి చూస్తే అంగడి మూసి ఉంది. జీడిచెట్టు చూడ్డానికి సముద్రం పక్కనుండే వేటపాలేనికి రైలెక్కినాడని పక్కంగడివాళ్లు నవ్వుతూ చెప్పినారు. ఉమామహేశ్వరమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చినాయి.

శుక్రవారం పాఠం మొదలుపెట్టిందో లేదో, గుమ్మంలో బాలస్వామి. చంకలో గుడ్డచుట్టిన పటం. వెనకాలే ఆయన భార్య చెన్నమ్మ, నెత్తిన గంపతో. తడిగుడ్డ తీస్తే ఎర్రవీ పసుపువీ జీడిపండ్లు, ప్రతిదాని కొసకూ బయట వేలాడే గింజ. క్లాసంతా బెంచీలెక్కింది. పండు తినొచ్చుగానీ పచ్చిగింజ కొరికితే నోరు పొక్కుతుందని బాలస్వామి అరుస్తానే ఉన్నాడు. వెనక బెంచీ పిల్ల పండు కొరికి, వగరుకు మొహం ముడుచుకుని, ఇంకొకటి అడిగింది.

"అనుమానం తీరిందా అన్నా?" అంది ఉమామహేశ్వరమ్మ, కోపం మరిచిపోయి.

"తీరింది" అన్నాడు ఆయన, గోడకు మేకు ఎక్కడుందో వెతుకుతూ.

చెన్నమ్మ మూతి తిప్పింది. "ఈయప్పకు అనుమానం యాడిదమ్మా? నువ్వొచ్చిన సోమవారమే కిరాణా శేషాద్రి చెప్పె, ఆ చెట్టును కండ్లారా చూసినానని. ఆ సాయంత్రమే పటం కట్టేసినాడు. టీచరమ్మ మాట పిల్లోళ్లు నమ్మాల గదా అని రైలెక్కినాడు."

బాలస్వామికి చెవులు ఎర్రబడినాయి. గుడ్డ విప్పి, తువ్వాలు కొసతో అద్దం తుడిచి, పటాన్ని రెండు చేతులా ఆమెకు అందించినాడు.

"వెనక చెక్కముక్కలు కొట్టినా. గోడ చెమ్మ తగల్దు."