వరద నవలా, ఆళ్లగడ్డ వంటిల్లూ

పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక నవల చదివాను. అందులో వరసగా కరువులు, ఆ వెనకే ఆగని వానలు. ఊరు మునిగిపోతే ఒక కుటుంబం మిద్దె మీదికెక్కి ప్రాణాలు నిలుపుకోవాలని చూస్తుంది. తల్లి, తండ్రి, ముసలామె, పిల్లలు, ఒక మేక. మేక కోసమే చివరిదాకా చదివానని అందరికీ చెప్పాను. అది నిజం కాదు. పుస్తకం మూసేసరికి దాని గురించి ఎవరితోనైనా మాట్లాడకపోతే కుదరదనిపించింది. నంద్యాలలో నా గదిలో ఉండేది నేనొక్కణ్ణే. నాకు పెళ్లి కాలేదు. ఆ సంగతి పెళ్లికూతుళ్లతో సహా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

నేను పాఠాలు చెప్పే కాలేజీలో ముందు ప్రయత్నించాను. ఒకాయన అది సినిమాగా వచ్చిందా అని అడిగాడు. ఇంకొకాయన, బయట ఇంత ఎండ కాస్తుంటే లోపల కూర్చుని మళ్లీ ఆ కరువు గురించే చదవాలా అన్నాడు.

ఇక మిగిలింది ఆళ్లగడ్డలో ఉన్న నా స్నేహితుడు. డిగ్రీలో ఒకే గదిలో ఉన్నాం. ఒక పుస్తకాన్ని నడిమికి చించి, చెరో సగం చదివి మార్చుకున్నవాళ్లం. తర్వాత అతను వాళ్ల నాయన చేసే రాతి విగ్రహాల పనిలోకి పోయాడు. అప్పటికి మా స్నేహం పండగ మెసేజీలతో గడిచిపోతోంది. పుస్తకం సంచిలో వేసుకుని బస్సెక్కాను.

వాళ్లు విగ్రహాలు చెక్కే షెడ్డులో అమ్మవారు సగం రాతిలోంచి బయటికొచ్చి ఉంది. పుస్తకం అతని చేతిలో పెట్టి, ఇందులో ఎవరెవరు చస్తారంటే అని మొదలుపెట్టాను. అతను సుత్తి కింద పెట్టి, నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. గుళ్లో పూజకు పోయే విగ్రహానికి చివరగా కళ్లు చెక్కి తెరిచేదాకా ఆ షెడ్డులో చావు మాట ఎత్తరట. వాళ్ల తాత కాలం నుంచీ అదే కట్టుబాటు.

“కండ్లు తెరిచినాంక చదువుతాలేప్పా,” అన్నాడు.

ఎప్పుడు తెరుస్తావంటే అది రాయి ఇష్టమన్నాడు. పుస్తకం వంటింట్లోకి పోయింది, నేను నంద్యాలకు వచ్చేశాను. అప్పుడప్పుడూ ఫోన్ చేసి అమ్మవారి క్షేమం కనుక్కునేవాణ్ణి. ముక్కు కాడ ఉండామనేవాడు. మా సాహిత్య చర్చ చాలాకాలం ఆ ముక్కు దగ్గరే ఆగింది.

వానాకాలం మొదలయ్యాక, కండ్లు తెరిచినాం రా అని ఫోన్ వచ్చింది. బస్సులో కూర్చుని మాట్లాడాల్సినవన్నీ వల్లె వేసుకుంటూ పోయాను.

తీరా చూస్తే ఇంటిల్లిపాదీ చదివేశారు. కట్టుబాటు షెడ్డుకే గానీ వంటింటికి లేదట. వాళ్లమ్మ ఆకుకూర వలుస్తుంటే అతని భార్య మధ్యాహ్నాలు పైకి చదివిందట. గోడ అవతల షెడ్డులో మావాడు అది వినపడకుండా రాయి కోసే మిషన్ వేసుకున్నాడు. నాలుగు పేజీలయ్యాక మిషన్ ఆపేసి, చెవి గోడకు ఆనించాడని ఆమె దెప్పింది. నవలలో ఆ తండ్రి చేసింది తప్పా ఒప్పా అని వారమంతా పోట్లాడుకున్నారు. మేక కోసం ఏడ్చారు. అన్నీ అయిపోయాయి. బాగుందప్పా, ఇంకోటి పట్టుకురా అని, జొన్నరొట్టెలు వడ్డించారు.

నేను వల్లె వేసుకున్నది నా దగ్గరే ఉండిపోయింది. రొట్టె తుంచుతూ, అందులో మీకు బాగా బాధనిపించింది యాడమ్మా అని వాళ్లమ్మను అడిగాను.

“వాళ్లకేం నాయనా, అంతమంది ఒకే మిద్దె మీద ఉండారు. ఒకరు పండుకుంటే ఒకరు నీళ్లు చూస్తాండారు.” నా వైపు తిరిగింది. “నువ్వు కుందూ ఏటి పక్కన ఉండావు గదా. నీళ్లొస్తే నిన్ను లేపేదెవరు?”

నాకు ఈత వచ్చులేమ్మా అన్నాను. వాడికి రాదని ఆమె కొడుకు వెంటనే చెప్పేశాడు. అతని భార్య నా కంచంలో ఇంకో రొట్టె వేసింది.

“వాన పడితే నాకు ఫోన్ చెయ్,” అంది వాళ్లమ్మ.

ఆ వారంలోనే నంద్యాలలో వాన పడింది. వాన అని చెప్పుకోవడానికి కొంచెం మొహమాటపడాల్సిన వాన. వీధి కాలవ కూడా నిండలేదు. ఇంతోటి దానికి పెద్దామెను ఇబ్బంది పెట్టడం బాగుండదనుకుని చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. తర్వాత ఫోన్ చేశాను.

“అమ్మా, ఈడ వాన పడతాంది.”

“నీళ్లు యాడిదాకా వచ్చినాయి?”

తలుపు తీసి చూశాను. గడప కూడా తడవలేదని చెప్పాను.

“సరే, మళ్లా చూసి చెప్పు,” అంది. ఫోన్ మాత్రం పెట్టలేదు.

నేను మళ్లీ పోయి చూశాను.