చెలమలో పొలుసులు

నా చిన్నప్పుడు గోపాల్‌పూర్ ఒడ్డున మా పేటనంతటినీ వాంతుల రోగం నోట్లోంచి లాగి బయటపడేసినవాణ్ణి నేనే. అప్పటికి నాకు పదేళ్ళు. ఒంటరిగా కాందిశీకుల గుడారాల దాకా పరిగెత్తి, వైద్యం తెలిసిన మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆ చేత్తోనే మా చెలమ చుట్టూ ఉన్న ముళ్ళకంచెను పీకి సముద్రంలో విసిరేశాను. ఈ కథ నా మనవలకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా ఆ కంచె ఒక మూర పెరుగుతూ వచ్చి, ఈమధ్య కొబ్బరిచెట్టంత అయ్యింది.

ఇవాళ దాన్ని దాని అసలు ఎత్తుకి దించాలి. ఎందుకంటే నాకు ఒళ్ళు మండుతోంది.

తుఫానుకి ఇళ్ళు పోగొట్టుకున్న కొన్ని కుటుంబాలు మా పేట చివర టార్పాలిన్లు కప్పుకుని ఉంటున్నాయి. మొన్న టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు, పేటలో జ్వరాలన్నీ వాళ్ళు తెచ్చినవేనన్నాడు. కుళాయి కింద పిల్లల ముడ్డి కడుగుతున్నారన్నాడు. బెంచీల మీద పదిమందిమి ఉన్నాం. కుళాయికి తాళం వెయ్యాలనే తీర్మానం గ్లాసుల్లో టీ చల్లారకముందే అయిపోయింది. ఆ కుర్రాడి ముఖం చూస్తే నా పదేళ్ళ ముఖమే కనిపించింది. అదే మెరుపు. పెద్దవాళ్ళంతా మన మాటే వింటున్నారన్న మెరుపు.

నా పదేళ్ళప్పుడు మా పేట పక్కన, సరుగుడు తోట అవతల, బర్మా నుంచి తరిమేస్తే వచ్చిన మనుషులకి గుడారాలు వేశారు. పరాయివాళ్ళేం కాదు. వాళ్ళ తాతలు ఈ గంజాం ఒడ్డునే ఓడెక్కి రంగూన్ వెళ్ళినవాళ్ళు. మావాళ్ళ నోట్లో అది ‘రంగం’. మన తెలుగే, మన దేవుళ్ళే. కానీ వాళ్ళు మంచినీళ్ళు కాచి, అందులో టీ ఆకు వేసుకుని రోజంతా తాగేవారు. ‘నీళ్ళకి కూడా వంట సేస్తారట!’ అని మా ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

మా పేటకి మంచినీళ్ళు చెలమ నుంచే. ఇసుకలో నడుములోతు గుంట తవ్వితే అడుగున తియ్యటి నీళ్ళు ఊరుతాయి. దానికో పద్ధతి ఉంది. తెల్లవారి మొదట వచ్చినవాళ్ళు నిన్నటి నీళ్ళన్నీ తోడి పారబోసి, అడుగు శుభ్రం చేసి, కొత్త ఊట పడేదాకా కూర్చోవాలి. నడుములు విరిగే పని. గుడారాలవాళ్ళు వచ్చాక ఆ పని మాకు తప్పింది. ఎందుకో వినండి. ‘మేం వచ్చేసరికి మీరు కనబడకూడదు’ అని మా పెద్దలు షరతు పెట్టారు. అందుకని వాళ్ళే అందరికంటే ముందు వచ్చేవారు, వాళ్ళే తోడేవారు. వాళ్ళని అంటరానివాళ్ళలా చూస్తూనే, వాళ్ళు శుభ్రం చేసిన నీళ్ళు తాగాం. ఆ తోడేవాళ్ళలో ఒకావిడ రంగం ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిందట. నేను ఆవిణ్ణి రంగం అత్త అనేవాణ్ణి. ఆవిడకి నా ఈడు కూతురు ఒకతి ఉండేది.

ఒకరోజు మా నాన్న ఎరబుట్ట కడుక్కుని రమ్మన్నాడు. లోపల కుళ్ళిన కవళ్ళ చేపలు, గబ్బు. కెరటాల దాకా నడవాలంటే బద్ధకం. చెలమ దగ్గర ఎవరూ లేరు. బుట్టను అందులోనే ముంచి, నాలుగుసార్లు జాడించి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చాను.

సాయంత్రం మా అమ్మ బిందె దించి ముక్కు మూసుకుంది. ‘ఏటిరా ఈ కంపు?’

‘రంగం అత్త బట్టలుతికినాది,’ అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఆ పేరు నాలిక చివరనే ఉంది.

‘ఎవులి బట్టలు?’

ఇంత శ్రద్ధగా మా అమ్మ నన్నెప్పుడూ ఏదీ అడగలేదు. నాకు ఉత్సాహం వచ్చింది. ‘రోగం మడిసివి. మూడు సీరలు, దుప్పటి.’

అన్నం తిన్నానంటే మూతి వాసన చూసి గాని నమ్మని మా అమ్మ, ఈ మాట మాత్రం చూడకుండా నమ్మింది. పక్కింటికి చెప్పింది. ఆ రాత్రి అన్నాల వేళకే నేను చెప్పని చీర రంగు కూడా పేటలో అందరికీ తెలిసిపోయింది. కళ్ళారా చూసినవాళ్ళు తొమ్మిదిమంది తేలారు. నేను పుట్టు అబద్ధాలకోరునని ఆ పేటలో కుక్కకి కూడా తెలుసు. అయినా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నిజమా అని అడగలేదు. గుడారాలవాళ్ళ మీద చెడ్డమాట చెప్పడానికి సాక్ష్యం అక్కర్లేదు, నోరుంటే చాలు. ఇన్నేళ్ళైనా దీన్ని తలుచుకుంటే నా మీద ఎంత కోపం వస్తుందో, వాళ్ళ మీద అంతకంటే ఎక్కువ వస్తుంది. నేను పిల్లవాణ్ణి. వాళ్ళకేం వచ్చింది?

గుడారాలవాళ్ళు తోడడానికి రాకముందే, ఆ రాత్రే చెలమ చుట్టూ ముళ్ళ మొగలి మట్టలు నాటారు. మా వాళ్ళకి మాత్రం ఒక సందు వదిలారు. కంచె ఎత్తు నా ఛాతీ దాకా ఉంటుంది, అంతే. గుడారాల ఆడవాళ్ళు ఎండలో రెండు మైళ్ళు నడిచి ఊరి లోపలి బావి నుంచి నీళ్ళు మోసుకున్నారు. మా చెలమని తోడేవాళ్ళు లేరు. పక్కింటివాళ్ళు తోడతారని వీళ్ళు, వీళ్ళు తోడతారని పక్కింటివాళ్ళు. నీళ్ళ మీద పచ్చటి తెట్టు కట్టింది. దాన్ని చేత్తో పక్కకి నెట్టి ముంచుకున్నాం.

పదిరోజుల్లో వాంతులు, విరేచనాలు ఇంటింటికీ పాకాయి. గుడారాల్లో మాత్రం ఒక్కరికీ లేవు. దానికీ మావాళ్ళ దగ్గర జవాబు ఉంది. వాళ్ళు ఏదో మంత్రం పెట్టారట!

తరవాత నా నాలుగేళ్ళ చెల్లి పడిపోయింది. కళ్ళు గుంటలు పడ్డాయి. చర్మం పట్టుకుంటే ముడత అలాగే నిలిచిపోయేది. నీళ్ళు, నీళ్ళు అని గొణుగుతుంటే, ఇస్తే మళ్ళీ కక్కుతుందని మా అమ్మ ఇవ్వలేదు. బరంపురం ఆసుపత్రికి వెళ్ళే బస్సు ఆ పొద్దున వెళ్ళిపోయింది.

మా తాతయ్య పేటలో పెద్దవలకి పెద్ద. మాట తక్కువ. ఆ రోజు తనే చెలమలోకి దిగి తోడడం మొదలుపెట్టాడు. అడుగుకి వచ్చేసరికి దోసిట్లోకి బురద తీసుకుని, నన్ను పిలిచి నా ముఖం ముందు పెట్టాడు. బురదనిండా తళతళలాడే కవళ్ళ పొలుసులు.

‘రంగం సీరలకి పొలుసులుంటాయేటిరా?’

నేను ముఖం పక్కకి తిప్పుకున్నాను.

‘ఆయమ్మ ఉతకడం నువ్వు సూసినావా?’

‘నేదు తాతా.’

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ‘ఈ ముక్క పదిరోజుల కితం ఒక్కడడిగుంటే సరిపోయేది. నేనూ అడగనేదు,’ అన్నాడు. నా చెయ్యి పట్టుకుని గుడారాలకేసి నడిచాడు. నేను పరిగెత్తలేదు, ఎవరినీ తీసుకురాలేదు. నన్నే ఈడ్చుకెళ్ళారు.

రంగం అత్త పొయ్యి దగ్గరుంది. తాతయ్య నన్ను ముందుకి నెట్టాడు. ఏడుస్తూ అంతా చెప్పాను. ఆవిడ విన్నది. నా తల నిమిరి, పిల్లలు తెలియక అంటారులే, అంది. ఇందులో మాత్రం పెంచిందేమీ లేదు. వెంటనే గంజి వార్చి, ఉప్పు వేసి, గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చింది. మా అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడితే తాతయ్య తప్పుకోమన్నాడు. చెంచాడు పోసి, ఆగి, మళ్ళీ చెంచాడు. కక్కితే కాసేపాగి మళ్ళీ పోసింది. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా ఆవిడ మోకాలు కదపలేదు. మర్నాడు చెల్లి నన్ను చూసి తన బొమ్మ ఎక్కడ దాచావని తిట్టింది. అప్పుడు మా అమ్మ ఆవిడ కాళ్ళు పట్టుకుంది.

ఇంత జరిగినా పెద్దలు కంచె తియ్యడానికి ఒప్పుకోలేదు! ఊరు ఒకసారి కట్టింది కదా, పిల్లాడి మాట మీద తీసేస్తే పరువేం కావాలి అన్నారు. పిల్లాడి మాట మీదే కట్టినట్టు వాళ్ళకి గుర్తురాలేదు.

తాతయ్య వాదించలేదు. మూడోనాడు పెద్దవల వేయించాడు. సగంమంది మగవాళ్ళు మంచాల మీదున్నారని తెలిసే వేయించాడు. ఆ వలను ఒడ్డుకి లాగాలంటే రెండు తాళ్ళకీ కలిపి అరవై చేతులు కావాలి. ఉన్నవి ముప్పై. వల నిండింది. కెరటాల్లో తాడు జారిపోతోంది. గుడారాల మగవాళ్ళు, ముందే ఆయన చెప్పినట్టుగా, ఇసుకలో వరసగా కూర్చుని చూస్తున్నారు. మా ఒడ్డున మాటకి తిరుగులేని కట్టు ఒకటుంది. వల ఇసుక తాకకముందు తాడు పట్టిన ప్రతి మనిషికీ చేపల్లో పాలు ఇవ్వాలి, వాడెవడైనా సరే.

‘పిలుద్దునేటి?’ అని పెద్దలని అడిగాడు తాతయ్య. ‘ముందు ముళ్ళు తియ్యండి. నేదంటే తాడు కోసీండి, వల పోతాది.’

పిల్ల చావుబతుకుల్లో ఉంటే కదలని కంచె, చేపల కోసం ఇంత తమలపాకు నమిలే సేపట్లో లేచిపోయింది. అప్పుడు నేనూ రెండు మట్టలు పీకాను. రెండే. సముద్రంలోకి విసిరింది లేదు, అరచెయ్యి గీరుకుని ఏడ్చాను.

ఆ రోజు నుంచి వాళ్ళు మా తాళ్ళ మీద నిలిచారు. ఎవరికీ పాలు తగ్గలేదు. చేతులు పెరిగాయి కాబట్టి రెండో వల కూడా దిగింది. మా ఇళ్ళలో నీళ్ళు కాగాయి. చెలమ తోడడం వంతులవారీ అయ్యింది. ఆ ఏడాది మా ఇంటి వంతు మొత్తం తాతయ్య నాకే వేశాడు.

‘నువ్వు సూసినావా?’ నాలో ఇప్పటికీ మిగిలింది ఆ ఒక్క ప్రశ్న. మొన్న టీ కొట్టు దగ్గర ఆ కుర్రాణ్ణి అదే అడిగాను. వాడు పక్కవాణ్ణి చూశాడు, పక్కవాడు గ్లాసులోకి చూశాడు. తాళం ఇంకా పడలేదు. పడితే కుళాయి దగ్గర మంచం వేసుకుంటానని చెప్పి వచ్చాను.

ఇదంతా రాసి, మూడిళ్ళ అవతల ఉండే రంగం అత్త కూతురికి చదివి వినిపించాను. ముసలిది చివరిదాకా ఎండుచేపలు తిరగేస్తూనే విన్నది. నా నిజాయితీకి మెచ్చుకుంటుందనుకున్నాను.

‘బావా, మా యమ్మ నీ తల నిమరనేదు,’ అంది. ‘నేనక్కడే ఉన్నాను. నీ కేసి సూడను కూడా నేదు. సచ్చేదాకా నిన్ను సెమించనూ నేదు. గుంట బతకాలని వొచ్చినాది, అంతే. ఆ రెండూ ఒకటి కావు. దిద్దుకో.’